నాలుగు గల్లీలు చాలు: పెద్ద యాప్‌ల మధ్య మీ చిన్న హోటళ్ల గైడ్‌ని నిలబెట్టడం ఎలా

"బెస్ట్ బిర్యానీ ఇన్ హైదరాబాద్" అని ఎవరైనా ఫోన్‌లో కొడితే మీ వెబ్‌సైట్ మొదటి పేజీలో రాదు. పదో పేజీలోనూ రాదు. ఆ ఆశ ఈ రోజే వదిలేసుకుంటే మిగతా పని తేలికవుతుంది. ప్యారడైజ్ గురించో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి గురించో, మదీనా దగ్గరి షాదాబ్ గురించో మీరు కొత్తగా చెప్పేది ఏమీ లేదు. వేలమంది ఇప్పటికే స్టార్లు ఇచ్చేసి వెళ్లిపోయారు.

ఇది తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఊళ్లో ఉన్న హోటళ్లన్నీ నా సైట్‌లో ఉండాల్సిందేనని పంతం పట్టి, రాత్రిళ్లు కూర్చుని, పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, కింద "నోరూరించే వంటకాలు" అని ఒక లైను, ఇలా నాలుగు వందల పైచిలుకు పేజీలు ఎక్కించాను. వాటిలో నేను నిజంగా తిన్న చోట్లు ముప్ఫై కూడా ఉండవు. ఆ పేజీలు నేనూ మా తమ్ముడూ తప్ప ఎవరూ చూడలేదు. ఒక్కదానికి మాత్రం రోజూ జనం వచ్చేవాళ్లు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ దగ్గర ఆదివారం రాత్రి ఏ మెస్సులు తెరిచి ఉంటాయో హాస్టల్లో ఉండే మా పిన్ని కొడుకు కోసం రాసిపెట్టిన పేజీ అది. చాలా హాస్టళ్లలో ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెట్టి రాత్రి వంట బంద్ చేస్తారు. ఆ సంగతి అక్కడ ఆకలితో కూర్చున్నవాడికి తెలుసు, యాప్‌కి తెలియదు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ ఒక్క పేజీ నేర్పిందే.

1. పెద్దవాళ్లు ఏం అమ్ముతున్నారో ముందు చూడండి

జొమాటో 2008లో ఫుడీబే అనే పేరుతో మొదలైంది. అప్పుడు వాళ్లు చేసింది అచ్చంగా మీరిప్పుడు చేస్తున్నదే, హోటళ్ల మెనూ కార్డులు తెచ్చి ఇంటర్నెట్‌లో పెట్టడం. 2010లో పేరు మార్చుకున్నారు, తర్వాత డెలివరీలోకి దిగారు. స్విగ్గీ 2014లో డెలివరీతోనే వచ్చింది. ఇప్పుడు వాళ్ల పేజీ పని మీచేత ఆర్డర్ పెట్టించడం. డబ్బాలో పెట్టి బైక్ మీద పంపలేని తిండి వాళ్ల కంటికి సరిగా ఆనదు.

అలాంటి తిండి ఈ ఊళ్లో ఎంత ఉందో ఒకసారి లెక్కేయండి. తెల్లవారుజామున అమ్మే మాంసం పులుసులు నహారీ, పాయా. ఇరానీ హోటల్లో సాసర్‌లో పోసుకుని తాగే చాయ్. పొద్దున పదింటికల్లా సర్దేసే ఇడ్లీ బండి. విస్తరి వేసి, అడిగినన్నిసార్లు పప్పు వడ్డించే మెస్సు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మాత్రమే ఉండే కర్రీ పాయింట్. యునెస్కో 2019లో హైదరాబాద్‌ని గ్యాస్ట్రానమీ నగరాల జాబితాలో చేర్చిందంటే ఇలాంటి తిండి వల్ల కూడా అని నేననుకుంటాను. వీటిలో సగానికి ఫోన్ నంబరే ఉండదు, ఇక వెబ్‌సైట్ ఎక్కడిది! మీ చోటు అదే. యాప్‌లో దొరికేదాన్ని మీరు మళ్లీ పెట్టకండి.

2. మీ హద్దు గీసుకోండి

మొత్తం హైదరాబాద్ అంటే ఎవరికీ పట్టదు. హద్దు మూడు రకాలుగా గీయొచ్చు. ఒకటి చోటుని బట్టి, ఉదాహరణకి పాతబస్తీ వైపున్న బార్కస్ ఒక్కటే తీసుకుని మందీ, హరీస్, అక్కడి అరబ్ మూలాల వంటలన్నీ. రెండోది వేళని బట్టి, పొద్దున ఏడులోపు లేదా రాత్రి పన్నెండు దాటాక. మూడోది మనిషిని బట్టి, హాస్టల్ పిల్లలు, ఆస్పత్రి అటెండెంట్లు, పరీక్ష రాయడానికి ఊరి నుంచి వచ్చినవాళ్లు.

నాకు బాగా నచ్చే ఇంకో ఆలోచన ఉంది, చేయడానికి నాకు కుదర్లేదు, మీరు చేసుకోండి. మెట్రో రెడ్ లైన్‌లో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లు. ఒక్కో స్టేషన్ దిగాక పది నిమిషాల నడకలో తినదగ్గవి మూడంటే మూడే రాయండి. ఇద్దరు కలిసి తిరిగితే ఎనభై ఒక్క చోట్లతో సైట్ పూర్తయిపోతుంది.

హద్దు సరిగ్గా గీశారా లేదా అని చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. ఆటో అన్న "ఏం చేస్తావ్ తమ్మీ?" అని అడిగితే సిగ్నల్ పడేలోపు ఒక్క ముక్కలో చెప్పగలగాలి. "పొద్దున్నే టిఫిన్లు ఎక్కడ బాగుంటాయో రాస్తానన్నా" అంటే వెంటనే అర్థమవుతుంది, పైగా ఆయనే రెండు బండ్ల పేర్లు చెప్తాడు. "హైదరాబాద్ ఫుడ్ కల్చర్‌ని డాక్యుమెంట్ చేస్తా" అంటే అద్దంలోంచి ఒక చూపు చూసి ఊరుకుంటాడు. ఇంకోటి, ఆ చోట్లన్నీ మీ బండి మీద మీరు మళ్లీ మళ్లీ తిరగగలిగినన్నే ఉండాలి. ఒక్కరే అయితే అరవై, డెబ్భై దాటొద్దు.

3. తిననివి తీసేయండి

ఇది చేతులు రాని పని, నాకు తెలుసు. నా నాలుగు వందల్లో మూడు వందల అరవై తీసేసినప్పుడు ప్రాణం ఉసూరుమంది. ఒక్కో పేజీ ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇందులో ఉన్నది ఇంకెక్కడా దొరకదు అనదగ్గ వాక్యం ఒక్కటైనా ఉందా? లేకపోతే తీసేయండి. వేరే చోట నుంచి ఎత్తుకొచ్చిన ఫొటోలుంటే వాటిని ఈ రాత్రికే తీసేయండి, అది కాపీరైట్ గొడవ.

4. వెళ్లండి, డబ్బులిచ్చి తినండి, రాసుకోండి

అసలు పని ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ సర్దుబాట్లు.

ఒక్కో చోటుకి కనీసం రెండుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి దొరికే బిర్యానీకీ మంగళవారం నాలుగింటికి దొరికేదానికీ పొంతన ఉండదు, అదే హోటల్, అదే మాస్టర్ అయినా సరే. బిల్లు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే ఎంతిచ్చారో ఫోన్‌లో రాసుకోండి. మెనూ బోర్డుని ఫొటో తీయండి, ధర మారిందని రేపెవరైనా అంటే మీ దగ్గర తేదీతో సహా రుజువు ఉంటుంది. పెద్ద హోటలైతే బిల్లులో సర్వీస్ ఛార్జీ కలిపారా లేదా చూడండి. దాన్ని అడక్కుండా బిల్లులో కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే సమర్థించింది. అయినా కలిపే చోట్లు ఉన్నాయి. "ఇక్కడ కలపరు" అన్న రెండు ముక్కలు కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఎంత పనికొస్తాయో చూడండి.

ఇక అడగాల్సినవి. గల్లా దగ్గర కూర్చున్నాయన్ని రద్దీ తగ్గాక అడిగితే చక్కగా చెప్తారు. బిర్యానీ హండీ ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి అయిపోతుంది? వారంలో ఏ రోజు బంద్? ఫోన్‌పే తీసుకుంటారా, నోట్లేనా? ఆడవాళ్లు, పిల్లలతో కూర్చోవడానికి విడిగా చోటుందా? బాత్రూమ్ ఉందా, వాడేలా ఉందా? ముసలివాళ్లు ఎక్కలేని మెట్లున్నాయా? కారు ఆపే చోటు లేకపోతే దగ్గర్లో ఎక్కడ ఆపుకోవచ్చు? మా అమ్మ మోకాళ్ల నొప్పితో ఒకసారి మొదటి అంతస్తులో ఉన్న హోటల్ మెట్ల కింద నిలబడిపోయింది, ఆ హోటల్‌కి నాలుగున్నర స్టార్లు. స్టార్లలో మెట్లు కనపడవు.

పరిమాణం విషయం విడిగా చెప్పాలి. మన ఊళ్లో సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్, జంబో అంటారు కానీ ఒక్కో హోటల్లో ఒక్కో కొలత. ఒకచోట సింగిల్ ఇద్దరికి సరిపోతుంది, ఇంకోచోట కాలేజీ కుర్రాడికి ఒక్కడికే చాలదు. నేను వంటింటి తూకం మిషన్ ఒకటి కొన్నాను, ఐదారు వందలు పడింది. సింగిల్ చికెన్ బిర్యానీ పార్సిల్ తెచ్చి, అన్నం ఎంత, ముక్కలెన్ని, సాలన్ ఎంతిచ్చారు అని తూచి రాస్తాను. మా ఆవిడ "ముందు తిను, తర్వాత తూచుకో" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ, నా సైట్‌లో జనం ఎక్కువగా వేరేవాళ్లకి పంపేది ఆ పట్టికే. ఇంకెవరూ చేయని పని ఒకటి మీ దగ్గర ఉండాలి, తూకమే కానక్కర్లేదు. క్యూలో ఎన్ని నిమిషాలు నిలబడ్డారో రాసినా చాలు.

అడ్రస్ సంగతి. ఇంటి నంబరు, అడ్డగీత, ఇంకో నంబరు, ఇలా ఉండే మన అడ్రస్‌లతో పోస్ట్‌మ్యానే తిప్పలు పడతాడు. హైదరాబాద్‌లో జనం దారి చెప్పేది పిల్లర్ నంబర్‌తో. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ కింద ఎవర్నడిగినా పిల్లర్ నంబరే చెప్తారు, మెట్రో కింద కూడా అంతే. ప్రతి పేజీలో దగ్గరి పిల్లర్ నంబర్, ఏ వైపు, యూటర్న్ ఎక్కడ, ఈ మూడూ రాయండి. పాతబస్తీలో అయితే ఏ మసీదు, ఏ కమాన్, ఏ చౌరస్తా అన్నది రాయండి. బోర్డు ఉర్దూలో మాత్రమే ఉంటే ఆ బోర్డు ఫొటో పెట్టండి.

5. ప్రతి మాటకీ తేదీ వేయండి

నా వల్ల జరిగిన తప్పు చెప్తాను. పాతబస్తీలో ఒక నహారీ హోటల్ గురించి "పొద్దున ఐదున్నరకే తెరుస్తారు" అని రాశాను. నిజమే, నేను వెళ్లిన నెలలో తెరిచారు. రంజాన్ వచ్చింది, పగలు బంద్. ఉప్పల్ నుంచి ఒకాయన భార్యని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆదివారం పొద్దున్నే అక్కడికెళ్లి, మూసిన షట్టర్ ముందు నిలబడి ఫొటో తీసి నాకు పంపాడు. కింద తిట్లేమీ లేవు, "మీ మాట నమ్మి వచ్చాం" అని ఒకే ఒక్క లైను. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి ప్రతి పేజీ మీద "చివరిసారి వెళ్లింది" అని తేదీ ఉంటుంది, "చివరిసారి ఫోన్ చేసి అడిగింది" అని ఇంకో తేదీ. ఆరు నెలలు దాటితే పేజీ పైన "ఇది పాత సమాచారం, వెళ్లేముందు కనుక్కోండి" అని పసుపు రంగు పట్టీ దానంతటదే వచ్చేలా పెట్టించాను. పెద్ద యాప్‌లో మూడేళ్ల కిందటి రివ్యూ, నిన్నటి రివ్యూ కలిసిపోయి ఒకే స్టార్ల అంకె అవుతాయి. మీరు అలా కలపకపోవడమే మీ బలం.

మన ఊరి క్యాలెండర్‌ని కూడా సైట్‌లోకి తెండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయినేటి పేజీ ఈ ఏడు పనికిరాదు. హలీమ్‌కి 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని అందరూ రాస్తారు, కానీ ఏ భట్టీ దగ్గర సాయంత్రం ఎన్నింటికి అమ్మకం మొదలవుతుందో, ఇఫ్తార్ తర్వాత ఎంతసేపు దొరుకుతుందో ఎవరూ రాయరు, అది మీరు రాయండి, నెల మొదలవడానికి పది రోజుల ముందే ఎక్కించండి. ఆషాఢంలో బోనాల ఆదివారాలు ఒక్కోవారం ఒక్కోవైపు, గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్, తర్వాత లాల్‌దర్వాజా, ఆ రోజు ఆ చుట్టుపక్కల ఏవి మూస్తారో, దారులెటు మళ్లిస్తారో. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు అసలు వెళ్లొద్దని. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాములకి ఉల్లి, వెల్లుల్లి లేకుండా అల్పాహారం పెట్టే చోట్లు ఎక్కడున్నాయని. ఈ చివరిది నేను ఊరికే ఒక సాయంత్రం రాసిన పేజీ, ఆ రెండు నెలలూ సైట్ మొత్తానికి వచ్చినవాళ్లలో సగం మంది దానికే వచ్చారు.

6. మాట్లాడినట్టు రాయండి, వెతికినట్టు పేరు పెట్టండి

"అద్భుతమైన రుచులతో మిమ్మల్ని మైమరపించే ఈ రెస్టారెంట్ ఆహారప్రియుల స్వర్గధామం." ఇలాంటి వాక్యం మీ సైట్‌లో ఎక్కడైనా ఉందా? ఉంటే దాన్ని ఊళ్లో ఏ హోటల్‌కైనా అతికించవచ్చు, అంటే ఏ హోటల్ గురించీ అది ఏమీ చెప్పలేదన్నమాట. దాని బదులు ఇలా రాయండి: "పెసరట్టు పల్చగా, అంచులు కరకరలాడుతూ వస్తుంది, ఉప్మా మాత్రం చల్లారి ఉంటుంది, ఉప్మా లేకుండా అడగండి. అల్లం చట్నీలో బెల్లం ఎక్కువ. తొమ్మిది దాటితే నిలబడి తినాల్సిందే." ఇది చదివినవాడు అక్కడికెళ్లి అల్లం చట్నీ నాకి చూసి, మీరు చెప్పింది నిజమని నవ్వుకుంటాడు. ఆ తర్వాత మిగతా పేజీలు కూడా నమ్ముతాడు.

తెలుగులో రాయడానికి మొహమాటపడకండి. ఊళ్ల నుంచి నిమ్స్‌కో గాంధీ ఆస్పత్రికో పేషెంట్‌తో వచ్చి, బయట ఏం తినాలో, ఎంతవుతుందో తెలియక బ్రెడ్డు, అరటిపండ్లతో రోజులు గడిపేవాళ్లుంటారు. జీహెచ్‌ఎంసీ 5 రూపాయల భోజనం దగ్గర్లో ఎక్కడ పెడతారు, ఎన్నింటికి అయిపోతుంది, పథ్యం కూడు, జావ లాంటివి చేసిచ్చే మెస్ ఉందా, ఇవి తెలుగులో ఒకే పేజీలో, పెద్ద అక్షరాలతో ఉంటే ఆ పేజీకి పోటీయే ఉండదు. డబ్బులు రావు ఆ పేజీతో. అయినా పెట్టండి.

అయితే ఒక చిక్కుంది. మనవాళ్లు తెలుగే అయినా ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, అదీ తలోరకంగా. నహారీ అని కొందరు, నిహారీ అని కొందరు. బిర్యానీకి ఎన్ని స్పెల్లింగులున్నాయో దేవుడికే తెలియాలి. పేజీ పేరు తెలుగులో ఉన్నా లింకులో, ఫొటో కింద, మొదటి పేరాలో ఎక్కడో ఒకచోట ఇంగ్లిష్ అక్షరాల స్పెల్లింగు కూడా సహజంగా వచ్చేలా చూసుకోండి. అలాగని ఒకే మాటని పదిహేను రకాలుగా అడుగున కుప్పపోయకండి, గూగుల్‌కీ నచ్చదు, చదివేవాడికీ నచ్చదు. ఇంకో మాట, మనకి తినే చోటంటే "హోటల్", గూగుల్‌కి హోటల్ అంటే పడుకునే చోటు. అందుకని పేజీ పేరులో టిఫిన్ అనో, మెస్ అనో, బిర్యానీ అనో తినే మాట కచ్చితంగా ఉండాలి.

ఒకే పేరుతో ఉన్న హోటళ్ల తికమక తీర్చడం కూడా మంచి పేజీ అవుతుంది. బావర్చి అనే మాట కనిపించే బోర్డులు ఊరంతా ఉన్నాయి. మీ హద్దులో ఉన్నవాటిలో ఏది దేని బ్రాంచి, ఏది కాదు, అడిగి తెలుసుకుని రాయండి.

7. డబ్బుల దగ్గర తేడా రానివ్వకండి

నాలుగు పేజీలు పేరు తెచ్చుకున్నాక ఫోన్లు వస్తాయి. "భాయ్, ఫ్యామిలీ ప్యాక్ పంపిస్తాం, మంచిగా రాయి." నేను మొదటిసారి ఒప్పుకున్నాను, అబద్ధమెందుకు. బిర్యానీ బాగానే ఉంది. కానీ రాయడానికి కూర్చుంటే ముక్క గట్టిగా ఉందన్న మాట చేతికి రాలేదు. ఆ పేజీ తర్వాత తీసేశాను.

అప్పటి నుంచి ఒకటే లెక్క, నా బిల్లు నేనే కడతాను. ఎప్పుడైనా ఏదైనా ఉచితంగా తీసుకుంటే పేజీ అడుగున చిన్నక్షరాల్లో కాదు, పైన మొదటి లైనులోనే ఆ మాట రాయాలి. ఇది మర్యాద కోసమే కాదు. ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, సోషల్ మీడియా ప్రచారాలకి 2021లోనే నియమాలు పెట్టింది, 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు కూడా ఇలాంటి సంబంధాన్ని దాచొద్దనే అంటున్నాయి. ఆన్‌లైన్ రివ్యూలకి ఐఎస్ 19000:2022 అని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం కూడా ఒకటుంది. పెద్ద సైట్ల కోసం చేసిందే అయినా, రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా వడపోయాలో అందులోంచి మీకు కావలసినంత తీసుకోవచ్చు.

బాగా లేదని రాయాల్సి వస్తే? రాయండి, కానీ మీరు చూసింది మాత్రమే. "ఫలానా తేదీన సాయంత్రం ఏడింటికి వెళ్లాం, సాంబారు పులిసింది, చెప్తే మార్చలేదు" అనొచ్చు. "ఇక్కడ తింటే ఆస్పత్రి పాలవుతారు" అనొద్దు. అది మీరు రుజువు చేయలేరు, లాయర్ నోటీసు వస్తే టెన్షన్ మీకే. ఫుడ్ సేఫ్టీ తనిఖీల గురించి వాట్సాప్‌లో తిరిగే వీడియోలు మూడేళ్ల కిందటివి, వేరే ఊరివి కూడా ఉంటాయి, వాటి జోలికి పోకండి. గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్ నంబర్ పెట్టారా లేదా అన్నది మాత్రం మీ కంటితో చూసి రాయొచ్చు. తెలంగాణలో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించారు. అలాంటి వార్త వచ్చిన రోజున మీ హద్దులో ఉన్న షవర్మా, మందీ సెంటర్లన్నింటికీ తిరిగి, ఎవరు దేనితో చేస్తున్నారో అడిగి సాయంత్రానికల్లా పెట్టగలిగేది మీరే. పెద్ద యాప్ మీలా గల్లీ గల్లీ తిరగదు.

8. సాంకేతికం, త్వరగా

సొంత డొమైన్ కొనండి. యాప్ చేయించకండి, అరవై హోటళ్ల కోసం ఎవరూ ఫోన్‌లో చోటివ్వరు. పేజీ తేలిగ్గా ఉండాలి. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే గూగుల్ లెక్కలో బాగున్నట్టు. చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ వెనక గల్లీలో సిగ్నల్ ఒక గీత ఉన్న ఫోన్‌తో తెరిచి చూడండి, అసలు పరీక్ష అది. ఫొటోలు వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి చిన్నవి చేయండి. మెనూని ఫొటోగా వదిలేయకుండా ధరలు టైపు చేసి పెట్టండి, గూగుల్ బాగా చదవగలిగేది అక్షరాల్నే. పేజీలో ఏముందో గూగుల్‌కి అర్థమయ్యేలా కోడ్ రాసే పద్ధతులుండే స్కీమా డాట్ ఆర్గ్‌లో రెస్టారెంట్ అనే నమూనా ఉంది, పేరు, వేళలు, వంటకం రకం, ధర స్థాయి దాని ప్రకారం కోడ్‌లో పెట్టించండి, ఒక్కసారి చేస్తే అన్ని పేజీలకీ పనికొస్తుంది. మీరు ఇవ్వని స్టార్లు కోడ్‌లో ఇరికించకండి. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ ఉచితమే, నెలకోసారి తెరిచి జనం ఏం కొట్టి మీ దగ్గరికి వస్తున్నారో చూడండి, మీరు రాయాల్సిన తర్వాతి పేజీ అక్కడే కనపడుతుంది. అంతే, ఇంతకన్నా దీని మీద టైమ్ పెట్టకండి, ఆ టైమ్‌లో రెండు హోటళ్లు తిరగొచ్చు.

9. జనాన్ని మీరే వెతుక్కోండి

గూగుల్ దయ కోసం ఆరు నెలలు ఎదురుచూసే బదులు ఒక ఏ4 కాగితం మీద "ఎస్సార్ నగర్‌లో ఆదివారం రాత్రి భోజనం" అని పెద్దగా, కింద ఐదు పేర్లు, మీ సైట్ క్యూఆర్ కోడ్ వేసి, హాస్టల్ నోటీస్ బోర్డుల మీద అంటించడానికి వార్డెన్‌ని అడగండి. ఆయనకీ హాయే, ప్రతి ఆదివారం పిల్లలు అడిగే ప్రశ్న తప్పుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో లింకు పడేసి పారిపోకండి, ఎవరైనా "ఇక్కడ మంచి కర్రీ పాయింట్ ఏది" అని అడిగినప్పుడు అక్కడే జవాబు రాసి, ఆ తర్వాత లింకు ఇవ్వండి.

హోటల్ వాళ్లని కూడా దగ్గర చేసుకోండి. చాలా మెస్సులకి సొంత వెబ్‌సైట్ లేదు. వాళ్ల మెనూ, వేళలు ఉన్న మీ పేజీ క్యూఆర్ స్టిక్కర్‌ని గల్లా దగ్గర అంటించుకోనిస్తారేమో అడగండి. ధర పెరిగినప్పుడు వాళ్లే మీకు ఫోన్ చేస్తారు, స్టిక్కర్ మీద పాత ధర ఉంటే గొడవ పడాల్సింది వాళ్లే కాబట్టి. స్టిక్కర్ ఉన్నంతమాత్రాన వాళ్ల ఉప్మా చల్లగా ఉందన్న మాట మారదని ముందే చెప్పేయండి. ఒకరిద్దరు అలుగుతారు.

ప్రతి పేజీలో "ఇక్కడ తప్పుంది" అని ఒక బటన్ పెట్టండి, నొక్కితే వాట్సాప్ తెరుచుకోవాలి. వచ్చినదానికి ఆ రోజే జవాబివ్వండి, సరిదిద్దాక వాళ్లకి చెప్పండి. ఉప్పల్ ఆయన ఇప్పుడు నాకు నెలకి రెండు మూడు తప్పులు పట్టిస్తుంటాడు.

సంపాదన గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. హోటళ్ల దగ్గర ప్రకటనలు తీసుకోవద్దు, తీసుకుంటే తూకం మిషన్ కూడా అబద్ధం చెప్తుంది. గిన్నెల షాపు, మసాలాల దుకాణం, మీ గల్లీలో ప్రింటింగ్ ప్రెస్, ఇలాంటివాళ్లవి తీసుకోవచ్చు. రంజాన్ రాత్రుల్లో పదిమందిని వెంటేసుకుని తిప్పి తినిపించే నడకలు పెడితే కొంత వస్తుంది. ఉద్యోగం మానేసేంత రాదు.

10. మూసేసిన హోటల్ పేజీని తీసేయకండి

ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. హోటల్ మూతపడితే పెద్ద సైట్లలో "శాశ్వతంగా మూసివేయబడింది" అని ఎర్రక్షరాలు పడతాయి, అక్కడితో ఆ కథ అయిపోతుంది. కానీ జనం వెతకడం ఆపరు. ఆ పేరు కొట్టి, ఏమైంది, ఎక్కడికి మారింది అని చూస్తూనే ఉంటారు. మీరు పేజీ ఉంచి, పైన ఎప్పుడు మూశారో రాసి, పక్క పాన్ డబ్బా ఆయన్ని అడగండి. ఓనర్ ఎటు పోయినా మాస్టర్ ఎక్కడో ఒకచోట వండుతూనే ఉంటాడు. మా వైపు ఒక టిఫిన్ సెంటర్ మూశాక ఆ దోసె మాస్టర్ రెండు చౌరస్తాల అవతల ఇంకో బండి దగ్గర చేరాడని పాలు పోసే అబ్బాయి చెప్పాడు. వెళ్లి తిన్నాను, అదే దోసె, అదే పల్లీ చట్నీ, కాస్త కారం తగ్గించాడు. పాత పేజీలో "మాస్టర్ ఇప్పుడు ఇక్కడ ఉన్నాడు" అని పిల్లర్ నంబర్‌తో రాసి తేదీ వేశాను. తర్వాతి ఆదివారం వెళ్తే బండి దగ్గర పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు, నాకు దోసె దొరకలేదు.